పాత ఉద్యోగాల్లో దరఖాస్తులో ఏవి రాయాలి, ఏవి వదిలేయొచ్చు

మూడు నాలుగు చోట్ల పనిచేసి కొత్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే చిక్కు ఇది. రెండు నెలలకే మానేసిన కంపెనీ పేరు చెప్పాలా? పీఎఫ్ లేని పాత ఉద్యోగాన్ని అనుభవం కింద లెక్కపెట్టుకోవచ్చా? ఒకరి పేరోల్ (జీతాల పట్టీ) మీద ఉండి ఇంకొకరి ఆఫీసులో పనిచేస్తే ఎవరి పేరు రాయాలి? తెలిసినవాళ్లని అడిగితే ఒకరు ‘దాచెయ్, ఎవరికి తెలుస్తుంది’ అంటారు, ఇంకొకరు ‘అన్నీ రాసెయ్, గొడవ వదిలిపోతుంది’ అంటారు. ఎక్కడ రాస్తున్నారో చూసుకోకుండా పాటిస్తే ఈ రెండు సలహాలూ ముంచేవే.

ముందు ఈ తేడా తెలుసుకోండి

మీరు అవతలివాళ్లకి ఇచ్చే కాగితాలు మూడు రకాలు. మొదటిది రెజ్యూమే. అది మీ సొంత కాగితం. అందులో ఏ ఉద్యోగం పెట్టాలి, దేనికి ఎన్ని లైన్లు ఇవ్వాలి అన్నది మీ ఇష్టం. ఒక ఉద్యోగాన్ని రెజ్యూమేలో పెట్టకపోవడం తప్పేం కాదు. రెండోది కంపెనీ పోర్టల్‌లోనో కాగితం మీదో నింపే అప్లికేషన్ ఫారం. మూడోది సెలెక్ట్ అయ్యాక వచ్చే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం, అందరూ బీజీవీ అనేది. ఈ రెండింట్లో ఎంపిక మీ చేతిలో ఉండదు. ప్రశ్న ఎలా ఉంటే జవాబు అలా ఇవ్వాల్సిందే.

‘గత రెండు ఉద్యోగాల వివరాలు’ అని అడిగితే రెండే రాయండి, మూడోది చెప్పనక్కర్లేదు. ‘గత 5 సంవత్సరాల ఉద్యోగాలు’ అంటే ఆ ఐదేళ్లలో చేసిన రెండు నెలల ఉద్యోగమూ అందులోకి వస్తుంది. ‘ఇప్పటివరకు చేసిన అన్ని ఉద్యోగాలు’ అంటే అన్నీ. ఫారం చివర ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను, తప్పని తేలితే ఉద్యోగం రద్దు చేయవచ్చు’ అని ఒక పేరా ఉంటుంది. దాని కింద సంతకం పెట్టాక, రాయకుండా వదిలిన ఉద్యోగం కూడా తప్పుడు సమాచారం కిందకే వస్తుంది. చాలామందిని దెబ్బతీసేది ఇక్కడే: రెజ్యూమేలో వదిలేసిన ఉద్యోగాన్ని అదే ఊపులో ఫారంలోనూ వదిలేస్తారు.

మొదటి పని: మీ గురించి ఎక్కడెక్కడ ఏం నమోదై ఉందో చూడండి

రాయాలా వద్దా అని తల పట్టుకునే ముందు, అవతలివాళ్లకి ఏం కనబడుతుందో మీరు చూసుకోండి.

పీఎఫ్‌తో మొదలుపెట్టండి. పీఎఫ్ సభ్యులకి ఇచ్చే 12 అంకెల నంబరు, యూఏఎన్, 2014 నుంచి ఉంది. కంపెనీ మారినా ఆ నంబరు మారదు. పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌వో మెంబర్ పోర్టల్‌లో లాగిన్ అయి ‘వ్యూ’ కింద ‘సర్వీస్ హిస్టరీ’ తెరవండి. ఆ యూఏఎన్ కింద పీఎఫ్ కట్టిన ప్రతి సంస్థ, చేరిన తేదీ, వదిలిన తేదీ వరుసగా కనిపిస్తాయి. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. తర్వాత పాస్‌బుక్ తెరిచి ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు జమ అయిందో చూడండి. బీజీవీ చేసే ఏజెన్సీలు మీ అనుమతితో చూసేది ఇదే.

ఇక్కడ తరచూ మూడు తేడాలు బయటపడతాయి. మొదటిది, పాత కంపెనీ మీ వదిలిన తేదీ వేయకపోవడం. అలాంటప్పుడు ఆ కంపెనీలో మీరింకా పనిచేస్తున్నట్టే ఉంటుంది, కొత్త కంపెనీలో చేరగానే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేస్తున్నట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ అయి రెండు నెలలు దాటితే ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’లోకి వెళ్లి ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. చివరి జమ ఏ నెలదో ఆ నెలలోని తేదీయే వేయాలి. ఒకసారి వేస్తే మార్చడం తేలిక కాదు కాబట్టి రిలీవింగ్ లెటర్ (మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పత్రం) పక్కన పెట్టుకుని వేయండి. తప్పు పడితే జాయింట్ డిక్లరేషన్ (వివరాలు సవరించమనే దరఖాస్తు) పెట్టి, కొన్ని సందర్భాల్లో పాత కంపెనీతో ఆమోదం కూడా వేయించుకునే తంటా మీద పడుతుంది. రెండోది, రెండు యూఏఎన్‌లు ఉండటం. కొత్త కంపెనీలో చేరేటప్పుడు పాత నంబరు ఇవ్వకపోతే ఇంకోటి పుట్టి ఉండొచ్చు. పాత ఖాతాను ఇప్పటి యూఏఎన్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టి ఒకటి చేసుకోండి. మూడోది, మీరు మరచిపోయిన ఉద్యోగం. శిక్షణలో పది రోజులుండి మానేసిన బీపీవో కూడా ఒక నెల పీఎఫ్ కట్టి ఉండొచ్చు.

పీఎఫ్ తర్వాత పన్ను రికార్డు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ పేరు మీద కోసిన పన్ను, వచ్చిన ఆదాయం చూపే ఫారం 26ఏఎస్, ఏఐఎస్ డౌన్‌లోడ్ చేసుకోండి. మీ జీతంలో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసిన సంస్థ పేరు, ఆ సంస్థకి ఉండే ట్యాన్ నంబరు అక్కడ ఉంటాయి. ఇన్నేళ్లుగా వీటిలో జీతం మీద కోత 192 సెక్షన్ కింద, ప్రొఫెషనల్ ఫీజు మీద కోత 194జె కింద నమోదవుతూ వచ్చింది. ‘అక్కడ నేను పర్మనెంట్ ఉద్యోగిని’ అని మీరు రాసి, రికార్డులో 194జె ఉంటే ఆ మాట నిలవదు. స్థూల జీతం 21,000 లోపు ఉన్న రోజుల్లో ఈఎస్‌ఐ కోసి ఉంటే ఆ రికార్డూ ఉంటుంది.

ఇక ఎవరూ గుర్తుంచుకోనిది: మీరే గతంలో పంపిన రెజ్యూమేలు. నౌకరీ ప్రొఫైల్, లింక్డ్‌ఇన్, కన్సల్టెన్సీలకి మెయిల్ చేసిన పాత ఫైళ్లు అన్నీ ఎక్కడో భద్రంగా ఉన్నాయి. రెండేళ్ల క్రితం ఇదే కంపెనీకి అప్లై చేసి ఉంటే ఆ రెజ్యూమే వాళ్ల సిస్టంలో ఉండొచ్చు. అప్పుడు రాసిన కంపెనీ ఇప్పుడు మాయమైతే, లేదా తేదీ మూడు నెలలు జరిగితే, ప్రశ్న వస్తుంది.

రెండో పని: అన్నీ ఒక పట్టికలో

ఎక్సెల్ షీట్ అయినా తెల్లకాగితం అయినా సరే. చేసిన ప్రతి పనికీ ఒక వరుస: చిన్నది, పెద్దది, జీతం చేతికిచ్చినది, మధ్యలో వదిలేసినది, అన్నీ. ఒక్కోదానికి ఈ వివరాలు నింపండి: పేస్లిప్ మీద ఉన్నట్టుగా సంస్థ పూర్తి పేరు, చేరిన తేదీ, చివరి పనిదినం, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న హోదా, ఎంప్లాయీ నంబరు, చివరి జీతం, పీఎఫ్ ఉందా లేదా, చేతిలో ఉన్న కాగితాలు, మానేసిన కారణం, ఫోన్ చేస్తే మీ గురించి చెప్పగలిగిన మనిషి.

తేదీల దగ్గర జాగ్రత్త. రాజీనామా మెయిల్ పెట్టిన రోజు వేరు, చివరి పనిదినం వేరు. 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉన్న కంపెనీలో ఈ రెండింటికీ మూడు నెలల తేడా ఉంటుంది. రాయాల్సింది చివరి పనిదినం. అలాగే ఆఫర్ లెటర్ తేదీ చేరిన తేదీ కాదు. హోదా కూడా అంతే: టీమ్‌లో అందరూ ‘టీమ్ లీడ్’ అని పిలిచినా లెటర్‌లో ‘సీనియర్ ప్రాసెస్ అసోసియేట్’ అని ఉంటే ఫారంలో అదే రాయాలి. లీడ్‌గా ఏం చేశారన్నది రెజ్యూమేలో పని వివరాల కింద చెప్పుకోండి.

ఈ పట్టిక ఎవరికీ పంపేది కాదు. ఇక మీదట ఏ ఫారం నింపినా దీన్ని చూసే నింపాలి. జ్ఞాపకం మీద ఆధారపడితే ఒకచోట జూన్ 3, ఇంకోచోట జూన్ 13 పడుతుంది.

మూడో పని: రెజ్యూమేకి ఏరుకోవడం

ఒక్కో వరుస దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని అనుభవం నేను అడుగుతున్న ఉద్యోగానికి పనికొస్తుందా? దీన్ని తీసేస్తే కాలక్రమంలో ఎంత ఖాళీ పడుతుంది? అడిగితే చూపించడానికి కాగితం ఉందా?

పనికొస్తుంది, కాగితం ఉంది అంటే పెట్టేయండి. పనికిరాదు, తీసేసినా ఖాళీ పడదు అంటే తీసేయండి. చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. పనికిరాదు కానీ తీస్తే ఏడాది ఖాళీ పడుతుందంటే ఒక్క లైన్‌లో పెట్టండి: సంస్థ, హోదా, కాలం, అంతే. పనికొస్తుంది కానీ కాగితం లేదంటే పెట్టొచ్చు, కానీ రుజువు కోసం ఇప్పటినుంచే వెతకాలి. అది ఎలాగో కింద చెప్పాం.

ఇప్పటి ఉద్యోగానికి ఐదారు లైన్లు, దాని ముందుదానికి మూడు నాలుగు, ఇంకా వెనక్కి వెళ్లేకొద్దీ ఒకటి రెండు. పదిహేనేళ్లు దాటినవాటిని ‘తొలి అనుభవం’ అని చివర ఒక చోట చేర్చేయొచ్చు. అయితే ‘మొత్తం అనుభవం 9 సంవత్సరాలు’ అని పైన రాస్తే, కింద పెట్టిన ఉద్యోగాలన్నీ కూడితే తొమ్మిది రావాలి. కూడి చూసేవాళ్లు ఉంటారు.

ఫ్రెషర్లు, అనుభవం తక్కువున్నవాళ్లు దీనికి విరుద్ధంగా నడవాలి. రాయడానికి పెద్దగా ఏమీ లేనప్పుడు చిన్న పనీ బరువున్నదే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వాలంటీరుగా చేసినవాళ్లు చాలామంది దాన్ని రాయరు, ‘అది ఉద్యోగం కాదుగా’ అంటారు. నిజమే, 5,000 రూపాయలు గౌరవ వేతనమే. కానీ మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్ పోస్టుకి అప్లై చేస్తుంటే, 50 ఇళ్ల వివరాలు నమోదు చేసి, ప్రతి నెలా ఒకటో తేదీన ఇంటింటికీ తిరిగి బయోమెట్రిక్ తీసుకుని పింఛన్ నగదు పంచిన అనుభవం కంటే దగ్గరిది ఏముంటుంది? హోదా దగ్గర ‘గ్రామ వాలంటీర్, గౌరవ వేతనం’ అని ఉన్నదున్నట్టు రాసి, కింద ఈ పనులు చెప్పండి. జీతం ఉద్యోగంగా చూపిస్తేనే ఇబ్బంది. అప్రెంటిస్‌షిప్, ఇంటర్న్‌షిప్ కూడా ఇదే తీరు: విడిగా పెట్టాలి, అనుభవ సంవత్సరాల లెక్కలో కలపకూడదు.

ఒక ఉదాహరణ, తేదీలతో

బీకాం చదివిన ఒక అభ్యర్థి హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీ అకౌంట్స్ పేయబుల్ (బిల్లుల చెల్లింపు) విభాగంలో పోస్టుకి దరఖాస్తు పెడుతున్నారనుకోండి. పట్టికలో నాలుగు వరుసలున్నాయి.

విజయవాడలో ఒక నర్సింగ్ హోమ్ బిల్లింగ్ కౌంటర్, జూన్ 2016 నుంచి ఏప్రిల్ 2017 దాకా. జీతం చేతికిచ్చారు, పీఎఫ్ లేదు.

హైదరాబాద్‌లో ఒక బీపీవో, ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్, 2017 జూలై 3 నుంచి 2020 సెప్టెంబరు 25 దాకా. అన్ని కాగితాలూ ఉన్నాయి.

ఇంకో కంపెనీ, 2020 నవంబరు 2 నుంచి 2021 జనవరి 15 దాకా. రాత్రి షిఫ్టులు పడక నోటీస్ ఇవ్వకుండా మానేశారు. రిలీవింగ్ లెటర్ లేదు, మూడు నెలల పీఎఫ్ ఉంది.

ఒక స్టాఫింగ్ సంస్థ (వేరే కంపెనీలకి మనుషుల్ని పంపేది) పేరోల్ మీద ఒక బ్యాంకులో పని, 2021 మార్చి 8 నుంచి ఇప్పటిదాకా.

మూడోదే గుచ్చుకునేది. దాన్ని దాచేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే సెప్టెంబరు 25కీ నవంబరు 2కీ మధ్య ఐదు వారాలు, జనవరి 15కీ మార్చి 8కీ మధ్య ఏడు వారాలు ఖాళీ. ఆ మాత్రం ఎవరూ పట్టించుకోరు. మూడోదాన్ని తీసేస్తే రెండు ఖాళీలూ, మధ్యలోని ఉద్యోగ కాలమూ కలిసి దాదాపు ఐదున్నర నెలల ఖాళీ అవుతుంది. ఇంటర్వ్యూలో ఆ ఐదున్నర నెలలు ఏం చేశారని అడుగుతారు, ఏదో ఒకటి చెప్పాలి, తర్వాత పీఎఫ్ చరిత్రలో ఆ కంపెనీ పేరు కనిపిస్తుంది. అప్పుడు సమస్య రెండున్నర నెలల ఉద్యోగం గురించి కాదు, ఇంటర్వ్యూలో మీరు చెప్పిన మాట గురించి. ఇంకొందరు ఖాళీ కనబడకుండా రెండో ఉద్యోగం తేదీని జనవరి దాకా సాగదీస్తారు. అది అన్నిటికంటే చెడ్డది: మంచి రికార్డున్న మూడేళ్ల ఉద్యోగం కూడా ‘తేదీలు సరిపోలలేదు’ అన్న రిపోర్టుతో పాడవుతుంది.

కాబట్టి రెజ్యూమేలో నాలుగోది, రెండోది పూర్తిగా. మూడోది ఒక్క లైన్. మొదటిది బిల్లింగ్ పని, అకౌంట్స్‌కి దగ్గరే కాబట్టి ఒక్క లైన్. రెజ్యూమే నుంచి మూడోదాన్ని పూర్తిగా తీసేయాలని ఆ అభ్యర్థి అనుకుంటే తీసేయొచ్చు, కానీ ఖాళీ గురించి అడిగిన క్షణంలోనే ‘మధ్యలో ఒక కంపెనీలో రెండున్నర నెలలు చేశాను, షిఫ్టు కుదరక మానేశాను’ అని చెప్పేయాలి. ఫారంలో ‘అన్నీ’ అని అడిగితే మాత్రం నాలుగూ రాయాలి.

చిక్కు కేసులు

పేరోల్ ఒకరిది, పని ఇంకొకరిది. హైదరాబాద్‌లో బీజీవీ ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడ. బ్యాంకు ఐడీ కార్డు మెడలో వేసుకుని, బ్యాంకు మెయిల్ ఐడీ వాడుతూ మూడేళ్లు చేసినా, జీతం వేసింది స్టాఫింగ్ సంస్థ. బ్యాంకు హెచ్‌ఆర్‌ని అడిగితే ‘ఆ పేరుతో మా దగ్గర ఉద్యోగి లేరు’ అని రాసిస్తారు, అది వాళ్ల తప్పు కాదు. ఉద్యోగ సంస్థ దగ్గర పేరోల్ సంస్థ పేరు, దాని పక్కనే ‘క్లయింట్: ఫలానా బ్యాంకు’ అని రాయండి. క్లయింట్ దగ్గరే ఉంటూ మధ్యలో పేరోల్ సంస్థ మారితే అవి రెండు ఉద్యోగాలు. రెండు వరుసల్లో రాయాలి.

కంపెనీ పేరు మారింది, లేదా మూతపడింది. అప్పటి పేరు రాసి బ్రాకెట్‌లో ఇప్పటి పేరు పెట్టండి. సత్యంలో చేసినవాళ్లు ‘సత్యం కంప్యూటర్ సర్వీసెస్ (2013లో టెక్ మహీంద్రాలో విలీనం)’ అని రాస్తే వెరిఫికేషన్‌వాళ్లు ఎవరిని అడగాలో తెలుస్తుంది. మూతపడిన చిన్న కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో దాని వివరాలు వెతికి, స్ట్రైక్ ఆఫ్ అయినట్టు (రిజిస్టరులోంచి పేరు కొట్టేసినట్టు) చూపే పేజీ దాచుకోండి. హెచ్‌ఆర్ లేరు కాబట్టి అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్‌లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16 (జీతం, పన్ను కోత వివరాలతో కంపెనీ ఇచ్చే పత్రం) వీటితోనే నెగ్గుకురావాలి. అప్పటి మేనేజరు ఇప్పుడెక్కడున్నా, ఆయన అధికారిక మెయిల్ నుంచి ఒక మాట రాసిస్తే పని జరుగుతుంది.

పీఎఫ్ లేని ఉద్యోగం. సాధారణంగా 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలకే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. కాబట్టి ఆడిటర్ ఆఫీసు, మెడికల్ షాపు, చిన్న స్కూలు, స్టార్టప్ లాంటివాటిలో చేసిన పని సర్వీస్ హిస్టరీలో లేకపోయినంత మాత్రాన అబద్ధం అయిపోదు. రుజువు భారం మీది, అంతే. యజమానితో లెటర్‌హెడ్ మీద సర్వీస్ సర్టిఫికెట్ రాయించుకోండి: హోదా, రెండు తేదీలు, జీతం, సంతకం, ముద్ర, ఫోన్ నంబరు. ఆ నంబరుకి ఫోన్ వస్తుందని ముందే చెప్పి ఉంచండి. చాలా వెరిఫికేషన్లు ఆగిపోయేది ఆయన ఫోన్ ఎత్తి ‘ఎవరండీ, నాకు తెలీదు’ అన్నప్పుడే.

చెప్పకుండా మానేసినది. ఫారంలో రాయక తప్పదు. కానీ రాసేముందు ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, నోటీస్ పీరియడ్ బకాయి ఎంతో రాతపూర్వకంగా అడగండి. కట్టేస్తే రిలీవింగ్ లెటర్ ఇస్తారేమో కనుక్కోండి. ఒక నెల జీతం పోయినా రికార్డు శుభ్రమవుతుందంటే లాభమే, వచ్చే ఇరవై ఏళ్లు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ రాదు. వాళ్లు జవాబివ్వకపోతే మీరు పెట్టిన మెయిలే మీకు ఆధారం.

తీసేసిన ఉద్యోగం. రెజ్యూమేలో కారణం రాయనక్కర్లేదు. ‘మిమ్మల్ని ఎప్పుడైనా టెర్మినేట్ చేశారా’ అని ఫారంలో సూటిగా అడిగితే సూటిగానే చెప్పాలి. లెటర్‌లో ‘రాజీనామా ఆమోదించాం’ అని ఉంటే మీరు రాజీనామా చేసినట్టే, వెనక ఎంత ఒత్తిడి జరిగినా. లేఆఫ్ అయితే దాచాల్సింది ఏముంది? ‘సంస్థ పునర్వ్యవస్థీకరణలో పోస్టు రద్దయింది’ అని రాయండి.

ఒకేసారి రెండు. పగలు ఒకటి, రాత్రి ఒకటి చేసి ఉంటే, రెండింట్లోనూ పీఎఫ్ కట్ అయి ఉంటే, ఒకదాన్ని దాచడం దాదాపు అసాధ్యం. 2022 సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, తమ దగ్గర పనిచేస్తూనే పోటీ కంపెనీలకీ పనిచేస్తున్న 300 మందిని తీసేశామని బహిరంగంగానే చెప్పారు. అయితే పాత కంపెనీ వదిలిన తేదీ తప్పుగా వేయడం వల్ల రెండు మూడు వారాలు కలిసినట్టు కనిపిస్తే భయపడాల్సిన పనిలేదు. రిలీవింగ్ లెటర్ చూపిస్తే తేలిపోతుంది. ఫ్రీలాన్స్ పని వేరే సంగతి. ఉద్యోగం లేని కాలంలో చేసినదైతే ఇన్‌వాయిస్‌లతో సహా నిరభ్యంతరంగా పెట్టండి.

సొంత షాపు, కుటుంబ వ్యాపారం. జీఎస్టీ లేదా ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్ ఉంటే సొంత వ్యాపారంగా రాసుకోండి. నాన్నగారి షాపులో కూర్చుని ‘మేనేజర్’ అని రాసుకోవడం మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది.

పరీక్షల ఖాళీ. అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రూమ్ తీసుకుని రెండేళ్లు గ్రూప్స్‌కి చదివిన కాలాన్ని ఉద్యోగంతో నింపొద్దు. ‘పోటీ పరీక్షల సన్నద్ధత, 2021–2023’ అని ఒక లైన్ చాలు, హాల్‌టికెట్లు దాచుకోండి. ఈ రాష్ట్రాల్లో హెచ్‌ఆర్‌లకి ఇది కొత్తేమీ కాదు.

డబ్బులిచ్చి కొనే అనుభవం

అమీర్‌పేట వైపు కోర్సు నేర్చుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినబడుతుంది: మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పేస్లిప్‌లు, ఫారం 16, పీఎఫ్ అన్నీ మావే. ఇది పట్టుబడే తీరు తెలిస్తే ఎవరూ చేయరు. పాస్‌బుక్‌లో జీతం నెల ఒక గడిలో, డబ్బు జమైన తేదీ ఇంకో గడిలో ఉంటాయి. 24 నెలల పీఎఫ్ ఒకే వారంలో కట్టి ఉంటే చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. పైగా ఈపీఎఫ్‌వో సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లోకి వెళ్తే ఆ సంస్థ ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టిందో కనిపిస్తుంది. నలుగురున్న ఆఫీసు నుంచి వచ్చిన ‘సీనియర్ డెవలపర్లు’ నలభైమంది ఉంటే ఆ సంస్థ పేరు అనుమానిత జాబితాల్లోకి ఎక్కుతుంది. ఆ జాబితాలో ఉన్న కంపెనీ పేరు మీ రెజ్యూమేలో ఉన్నంతకాలం, తర్వాత చేసిన నిజమైన ఉద్యోగాలని కూడా ఎవరూ నమ్మరు. దొంగ కాగితాలు కాబట్టి ఫోర్జరీ, మోసం కేసుల దాకా వెళ్లొచ్చు.

ప్రభుత్వ ఉద్యోగాలకైతే

ఇక్కడ ఏరుకోవడం అనే మాటే లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనవాళ్లు నింపే అటెస్టేషన్ ఫారం పైనే, తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అనర్హులవుతారన్న హెచ్చరిక ఉంటుంది. ప్రైవేటు, కాంట్రాక్టు, తాత్కాలికం ఏదైనా అడిగిన కాలానికి అన్నీ రాయండి.

ఇప్పటికే ప్రభుత్వంలోనో ప్రభుత్వ రంగ బ్యాంకులోనో ఉండి, ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తీసుకునే బాధ ఎందుకని ఆ ఉద్యోగాన్ని దరఖాస్తులో రాయనివాళ్లు రెండు విధాల నష్టపోతారు. ఇంటర్వ్యూలో లేదా సర్టిఫికెట్ల పరిశీలనలో ఎన్‌వోసీ అడిగితే ఇవ్వలేరు. ఉద్యోగం వచ్చినా, పైఅధికారుల ద్వారా దరఖాస్తు పెట్టలేదు కాబట్టి టెక్నికల్ రాజీనామా (అనుమతితో దరఖాస్తు పెట్టి ఇంకో ప్రభుత్వ ఉద్యోగంలోకి మారడం) కింద వర్తించే పాత సర్వీసు, సెలవుల నిల్వ, పే ప్రొటెక్షన్ (పాత జీతం తగ్గకుండా చూడటం) లాంటివి చేజారతాయి.

కొన్ని నోటిఫికేషన్లలో పాత ఉద్యోగమే మార్కులు తెస్తుంది. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్ నర్సు నియామకాల్లో ప్రభుత్వాసుపత్రుల్లో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకి 20 దాకా వెయిటేజీ మార్కులు ఇచ్చారు. అలాంటిచోట నోటిఫికేషన్ అడిగిన నమూనాలో, అది చెప్పిన అధికారి సంతకంతోనే సర్వీస్ సర్టిఫికెట్ ఉండాలి. చేసిన సర్వీసు ఉండి కూడా సరైన సంతకం లేక మార్కులు పోగొట్టుకోవద్దు. నోటిఫికేషన్ రాగానే మొదట కదిలించాల్సింది ఈ కాగితాన్నే.

విదేశాల ఫారాలు

అమెరికా వీసాకి నింపే డీఎస్-160లో గత ఐదేళ్ల ఉద్యోగాలు అడుగుతారు. కెనడాలో శాశ్వత నివాసానికి పెట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో గత పదేళ్ల వ్యక్తిగత చరిత్ర మధ్యలో ఖాళీ లేకుండా కావాలి. ఉద్యోగం లేని నెలల్లో ‘నిరుద్యోగం’, ‘చదువు’ అని రాయాలే తప్ప వదలకూడదు. ఉద్దేశపూర్వకంగా తప్పు చెప్పారని తేలితే అమెరికాలో శాశ్వతంగా ప్రవేశం పోవచ్చు, కెనడాలో ఐదేళ్ల నిషేధం. అందుకే దేశం దాటే ఆలోచన ఉన్నవాళ్లు ఈరోజు హైదరాబాద్ కంపెనీకి నింపే ఫారాన్ని కూడా ఆ లెక్కలోనే చూడాలి. ఇక్కడ ఒక తేదీ, అక్కడ ఒక తేదీ ఇస్తే కాన్సులేట్ కిటికీ దగ్గర సర్దిచెప్పుకునే వీలుండదు.

ఇప్పటికే వదిలేసి పంపేశారా?

ఫారం సబ్మిట్ చేశాక ఒక ఉద్యోగం రాయలేదని గుర్తొస్తే, బీజీవీ మొదలుకాకముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ చేయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. మెయిల్‌లో నాలుగు సంగతులు చాలు: ఫలానా తేదీన సమర్పించిన ఫారంలో ఫలానా సంస్థలో ఇన్ని నెలలు చేసిన ఉద్యోగం చేర్చలేదు, చేరిన తేదీ, చివరి పనిదినం ఇవి, నా దగ్గరున్న కాగితాలు ఇవి, జతపరుస్తున్నాను, సవరించిన ఫారం ఎలా ఇవ్వాలో చెప్పగలరు. క్షమాపణలు, సంజాయిషీలు పేరాలకి పేరాలు రాయకండి. మరచిపోయామని రాయాలంటే నిజంగా మరచిపోయినప్పుడే రాయండి. తక్కువ కాలం కదా అని కావాలనే వదిలేసి ఉంటే ‘తక్కువ కాలం కావడంతో చేర్చలేదు’ అనే రాయండి.

బీజీవీ మొదలైపోయి ఏజెన్సీ నుంచే ప్రశ్న వస్తే, వాళ్లు ఇచ్చిన గడువులోపే జవాబివ్వండి. స్పందన లేకపోతే ఏజెన్సీ తన రిపోర్టులో ఆ సంగతే రాసి పంపుతుంది, అది చూసి నిర్ణయం తీసుకునేది కంపెనీ. ఆ రిపోర్టు క్లియర్ అయిందని మెయిల్ వచ్చేదాకా, వీలైతే, ఇప్పటి కంపెనీలో చివరి పనిదినాన్ని ఖరారు చేసుకోకండి.